ఒక్క తీగతో మోగే బూర

ఫోర్డ్ మోడల్ ఏ కారు హారన్ ‘ఆ...ఊ...గా’ అంటుంది. బొంగురుగా మొదలై, గొంతు పైకి లేచి, మళ్లీ కిందికి జారిపోతుంది. ఆ బూర లోపల ఉన్నది ఒక చిన్న మోటారు. అది వేగం అందుకునేకొద్దీ స్వరం పెరుగుతుంది, బటన్ వదలగానే మోటారుతో పాటు స్వరమూ దిగిపోతుంది.

ఈ పద్ధతి కనిపెట్టింది అమెరికాకు చెందిన మిల్లర్ రీస్ హచిసన్. చెవుడున్నవాళ్ల కోసం విద్యుత్తుతో పనిచేసే వినికిడి యంత్రం చేసిన మనిషి కూడా ఆయనే. 1908లో న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో లోవెల్-మెక్‌కానెల్ కంపెనీ హక్కులు కొని, ‘క్లాక్సన్’ పేరుతో అమ్మింది. అప్పటిదాకా కార్లకు ఎక్కువగా ఉండేవి రబ్బరు బుడ్డి నొక్కే బూరలు. మన పాత లారీలకు, ఆటోలకు ఉండేవి అవే. క్లాక్సన్‌లో మోటారు ఇరుసుకు పళ్లచక్రం, దాని ఎదురుగా పలుచని ఉక్కు రేకు, రేకు నడుమ ఒక బొడిపె ఉంటాయి. పళ్లు వరసగా ఆ బొడిపెను తడుతూపోతే రేకు అదురుతుంది, బూర ఆ అదురును బయటికి అరుస్తుంది.

1927 చివర నుంచి 1931 దాకా 48 లక్షలకు పైగా తయారైన మోడల్ ఏ కార్లకు ఇలాంటి మోటారు హారనే ఉండేది. దాని వైరింగ్ నాకు ఎంతో ఇష్టం. బ్యాటరీ వైరు ఎప్పుడూ హారన్ దాకా వచ్చే ఉంటుంది. హారన్ నుంచి రెండో వైరు స్టీరింగ్ గొట్టం అడుగుకు వెళ్తుంది. చక్రం నడిమి బటన్ నొక్కితే లోపలి కడ్డీ ఆ వైరును కారు బాడీకి కలుపుతుంది. బాడీయే ఎర్త్ కాబట్టి సర్క్యూట్ పూర్తయి హారన్ మోగుతుంది. అలా తిరిగే చక్రం దగ్గర ఒక్క తీగతో పని జరిగిపోతుంది.

పాత కారులో హారన్ పలకకపోతే చాలామంది ముందు హారన్నే విప్పుతారు. ముందు చూడాల్సింది ఎర్త్. రెండో వైరును ఊడదీసి, హారన్ వైపు కొసను బాడీ మీద శుభ్రంగా గీకినచోట ఆనించండి. మోగిందంటే హారన్ బాగానే ఉంది, లోపం బటన్ వైపు ఉంది. తుప్పు, రంగు, ఎండిన గ్రీజు ఏది అడ్డుపడినా ఈ కారు బ్యాటరీ ఇచ్చే 6 వోల్టులకు దాటే శక్తి చాలదు. ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాలి.

మలుపు తిప్పినప్పుడు హారన్ తనంతట తానే మోగితే కథ వేరు. వైరు మీది నూలు అల్లిక కింది రబ్బరు పెళుసుబారి రాలిపోయి, తీగ గొట్టానికి తగులుతోందన్నమాట. టేపు చుట్టి సరిపెట్టకండి, వైరు మొత్తం మార్చండి. ఫ్యాక్టరీ నుంచి ఈ కారుకు ఫ్యూజు రాలేదు. హారన్ వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది కనుక ఫ్యూజు ఒకటి పెట్టాల్సిందే.

ఇక మిగిలింది స్వరం. మోటారు వెనక ఉన్న మరను రవ్వంత రవ్వంత తిప్పుతూ వినాలి. గట్టిగా మోగాలని ఎక్కువ బిగిస్తే పళ్లు బొడిపెకు ఇరుక్కుని మోటారు నిలిచిపోతుంది. కరెంటు మాత్రం మామూలుకంటే ఎక్కువ లాగుతూ చుట్టలు వేడెక్కుతాయి. కాబట్టి కాస్త వదులుగా మొదలుపెట్టి, బొంగురుతనం పోయేదాకా మాత్రమే బిగించాలి.