జానపదస్వరము - వాద్యబృందము

జానపదస్వరమొకటి వాద్యబృందసభ నెక్కుటకు పూర్వము దానిని వినినవారు, ముద్రించినవారు, స్వరలిపిలో వ్రాసినవారు ఉండవలెను. సభలో కానరాని యీ నడిమి మెట్టును అమెరికాదేశపు నిదర్శనమొకటి చక్కగా విశదము చేయుచున్నది.

1928లో వాషింగ్టనునందలి కాంగ్రెసు గ్రంథాలయమున జానపదగీత భాండాగారము వెలసెను. 1937లో ఆలన్ లోమాక్సు కెంటకీ రాష్ట్రమున విలియం స్టెప్ అను ఫిడేలు వాద్యకారుడు వాయించిన ‘బోనపార్ట్స్ రిట్రీట్’ అను బాణీని ధ్వనిముద్రణము చేసెను. సాధారణముగా మందగతిని నడచు ఆ బాణీని స్టెప్ ద్రుతగతిని వాయించెను. రూత్ క్రాఫర్డ్ సీగర్ ఆ ముద్రణమును విని స్వరలిపిలో వ్రాయగా, అది 1941లో గ్రంథస్థమయ్యెను. 1942లో ఆరన్ కోప్లండు తన ‘రోడియో’ నృత్యరూపకమునందలి ‘హో డౌన్’ అను ఘట్టమును ఆ స్వరముపైననే నిర్మించెను. నేడు ఆ ఘట్టమును మహావాద్యబృందములు వాయించుచున్నవి. కాని శ్రోతలలో స్టెప్ పేరెరిగినవారు అరుదు.

ఇందు గ్రహింపవలసిన విషయములు రెండు. మొదటిది: బృందమునకు అందినది బాణీ మాత్రమే కాదు, ఒక వ్యక్తి దానికిచ్చిన నడక. పాఠమును మాత్రమే వ్రాసికొనియుండినచో ఆ నడక నిలిచెడిది కాదు. రెండవది: ముద్రణమున వాద్యకారుని పేరు, స్థలము, కాలము నమోదైనందుననే ఆ ఋణమును నేడు మనము గుర్తింపగలుగుచున్నాము.

కృష్ణాతీరమున వాద్యసమష్టి కొత్తది కాదు. మొవ్వకు చేరువనున్న కూచిపూడిలో మేళమునకు మద్దెల, తాళము, శ్రుతి, ఫిడేలు అంగములు. అయితే పాశ్చాత్యబృందము వ్రాతప్రతిని చూచి వాయించును. మేళము పాత్రధారిని చూచి వాయించును. భామాకలాపమున ప్రవేశదరువు సాగుట అభినయము ననుసరించి యుండును. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యెను; 1952లో ఢిల్లీ ఆకాశవాణియందు రవిశంకర్ నేతృత్వమున జాతీయ వాద్యబృందము ఏర్పడెను. అనగా మనకు వేదికలు లేకపోలేదు. లోపమంతయు నడిమి మెట్టుననే యున్నది.

బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ 1958లో వెలువడినది మొదలు మన విశ్వవిద్యాలయములలో ఈ శాఖ నిలద్రొక్కుకొన్నది. కాని సంకలనములలో పెక్కింట సాహిత్యమే కలదు; స్వరము లేదు. వరికోతకు యంత్రములు వచ్చిన పిదప గుడివాడ ప్రాంతపు చేలలో కోతపాటకు సందర్భమే తగ్గినది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమయందు వేలకొలది జనులు మరణించిరి. వారి కంఠములలో మాత్రమే నిలిచిన పాటలను మరల వినుట అసాధ్యము. వ్రాయని పాటకు గాయకుని ఆయుర్దాయమే ఆయుర్దాయము.

కావున బందరు మొదలు నాగాయలంక వరకు క్షేత్రకార్యమునకు పోవు విద్యార్థులు గేయపాఠముతోబాటు గాయకుల పేరు, గ్రామము, తేది, సందర్భము, శ్రుతి, గతి తప్పక నమోదు చేయవలెను. గమకములు లిపికి లొంగవు గనుక ధ్వనిముద్రణము తప్పనిసరి. గాయకుల అనుమతి గైకొని, ప్రతి నొకదానిని వారి కుటుంబమునకు అందజేయుట ధర్మము. వాద్యబృందము ఎన్నడో రావచ్చును. పాడువారు మాత్రము నేడే యున్నారు.