జ్ఞాపకపు నాణెములు – మారుబేరమున వాని వెల

పంటసొమ్ము చేతికి వచ్చినతోడనే కొందఱు రైతులు దేవతల బొమ్మలును, మహనీయుల బొమ్మలును గల వెండి నాణెములను "ముందు ముందు ధర పెరుగును" అను నాశతో కొనుచున్నారు. అక్కఱ కలిగి యమ్మబోయినపుడు వానికి వచ్చు వెల యెంతయో సంఘసభ్యులు ముందుగా నెఱుంగుట మేలు.

మొదట నొక భేదమును గ్రహింపవలెను. మన దేశమున నాణెములు ముద్రించు నధికారము, 2011 నాటి నాణెముల చట్టము ననుసరించి, కేంద్రప్రభుత్వమునకే కలదు. ప్రభుత్వపు టంకసాలలు ముంబయి, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడాలలో నున్నవి. కంపెనీలును, నగల వర్తకులును చేయించునవి పేరునకు నాణెములే గాని నిజమునకు బిళ్లలు. అవి చెలామణికి రావు. వాని విలువ లోహపు విలువయే. సేకరించువారు కోరి కొనిననే యంతకు మించి వచ్చును.

అమెరికాలో 1964వ సంవత్సరమున జోసెఫ్ సెగెల్ స్థాపించిన ఫ్రాంక్లిన్ మింటు కంపెనీ యిందులకు దృష్టాంతము. వేయింట 925 పాళ్లు వెండి గల బిళ్లలను ఈ కంపెనీ వరుసలు వరుసలుగా చందాదారులకు విక్రయించెను. పనితనము మేలైనదే. కాని వెల వెండి ధరకు మించినది, కొన్నవారును పెక్కండ్రు. అందఱియొద్ద నున్న వస్తువును అధిక ధర కెవరు కొందురు? కావున వర్తకులు సాధారణముగా వానిని తూకమునకే కొనిరి. 1980 జనవరిలో వెండి ఔన్సు సుమారు 50 డాలర్లకు ఎగసినపుడు పెక్కు బిళ్లలు కరగింపబడినవి. అపుడు కలిగిన లాభము వెండివలననే గాని బొమ్మవలన గాదు. ఆ సంవత్సరము మార్చి 27వ తేదీననే ధర 11 డాలర్లకు దిగువకు పడిపోయెను.

ఒక లెక్క చూడుడు. 20 గ్రాముల బిళ్లలో 925 వంతున వెండి 18½ గ్రాములు. వెండి గ్రాము 100 రూపాయలనుకొన్నచో లోహపు విలువ 1,850 రూపాయలు. కూలి, పన్ను, పెట్టె, వర్తకుని లాభము కలిపి 2,800 రూపాయలకు కొన్నయెడల, నాటి కమ్మిన 950 రూపాయలు నష్టము. వెండి ధర నూటికి 51 వంతులు పెరిగినగాని యసలు చేతికి రాదు. కొనువాడు తరుగు తీసినచో నదియు చాలదు.

కావున కొనదలచినవారు తూకమును, శుద్ధిముద్రను చూచి, రసీదు పుచ్చుకొనవలెను. మరల నే ధరకు కొందురో అంగడివారిచే ముందే వ్రాయించుకొనవలెను. బిళ్లతో నిచ్చు పత్రము శుద్ధికి సాక్ష్యమే గాని ధరకు హామీ కాదు. ముచ్చటకు కొనుట తప్పుగాదు. అయితే సంఘమునకు బాకీ యున్నవారు మొదట దానిని తీర్చుట యుత్తమము; బొమ్మపై లాభము సందేహము, తప్పిన వడ్డీ నిశ్చయమైన లాభము.