నవల రాయడానికి కోచింగ్ ఉందా?

మాది కోసిగి. పంట పోయిన ఏడాది మా వీధిలో సగం ఇళ్లకు తాళాలే. జనం సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. ఆ తాళాల మీద నవల రాయాలని నా ఆశ. మొదటి చాప్టర్ మూడుసార్లు రాశా, మూడుసార్లూ డిలీట్ చేశా.

అప్పుడే ఒక ఆన్‌లైన్ క్లాసుకి ఫీజు కట్టా. నెలంతా వీడియోలే. నా పేజీ ఒక్కటి కూడా ఎవరూ చదవలేదు. డబ్బులు పోయాక తెలిసింది, కట్టేముందు మూడు ప్రశ్నలు అడగాలని.

ఒకటి, మనం రాసింది చదువుతారా? 1936లో మొదలైన అయోవా రైటర్స్ వర్క్‌షాప్ పేరు తెచ్చుకుంది ఈ పద్ధతితోనే. అందరూ ముందే చదివొచ్చి చర్చిస్తారు, రాసినవాళ్లు వింటారు. మన కోడ్ రివ్యూ లాంటిదే.

రెండు, ఏ భాషలో? ఇగ్నోలో డిప్లొమా ఉంది కానీ అది ఇంగ్లీషులో రాసేవాళ్లకు. నా పాత్రలది కోసిగి తెలుగు.

మూడు, కథకా, నవలకా? రెండు రోజుల కథల వర్క్‌షాప్‌లో మూడొందల పేజీలు నిలబెట్టడం రాదు. దానికి ముందు వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'నవలాశిల్పం' చదవండి. ఆయన మదనపల్లెలో ఇంగ్లీషు లెక్చరర్‌గా పనిచేశారు. 'కథాశిల్పం'కి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

సెలవుల్లో నాలుగో డ్రాఫ్ట్ మా అవ్వకు చదివి వినిపించా. "ఇట్ల ఎవురు మాట్లాడ్తార్రా మనూర్లో?" అనింది. ఇంగ్లీషు మీడియం దొరికిపోయింది. డైలాగులన్నీ మళ్లీ రాస్తున్నా.

ఇప్పుడు ఆదివారాలు క్లబ్ రూమ్‌లో నలుగురం కూర్చుని ఒకరి పేజీలు ఒకరం చదువుతున్నాం. ఐదో కుర్చీ ఖాళీ. పది పేజీలు పట్టుకుని రండి.