మార్కాపురం పలక ఎందుకలా చీలుతుంది?

"మార్కాపురం పలకరాయికి ఉలి పెట్టి తడితే పొరలు పొరలుగా లేస్తుంది కదా, అవి ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న బురద పొరలేనా?" అని ఒక పాఠకుడు అడిగారు. చాలామంది అలాగే అనుకుంటారు. కానీ కాదు. ఆ రాయి చీలే వాటం బురద పేరుకున్ననాడు వచ్చింది కాదు. బురద గట్టిపడి రాయి అయ్యాక, కొండలను లేపిన ఒత్తిడిలో నలిగినప్పుడు వచ్చింది.

కొండలు పుట్టడం గురించి రెండు ముక్కలు చాలు. భూమి పైపెంకులోని ఫలకాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మధ్యన ఇరుక్కున్న పొరలు మడతలు పడతాయి, తెగినచోట ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి, పెంకు మందమై పైకి లేస్తుంది. దాదాపు 190 కోట్ల ఏళ్ళ నాడు పూడటం మొదలైన కడప బేసిన్‌లో నలిగిన పొరలకూ నలగని పొరలకూ తేడా కళ్ళారా చూడొచ్చు. పడమట గండికోట దగ్గర పెన్నా కోసిన గోడల్లో పొరలు దాదాపు బల్లపరుపుగా ఉంటాయి. తూర్పున నల్లమలలో మడతలు పడి, చాలాచోట్ల నిట్టనిలువుగా లేచి ఉంటాయి. తూర్పు నుంచి వచ్చిన నెట్టుడు గండికోట చేరేలోపే నీరసించింది. మన పలక ఆ నలిగిన వైపుది.

నలిగితే పొడి కావాలి గానీ, ఇంత నున్నగా చీలే గుణం ఎందుకు? దీని మీద పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పెద్ద రగడే జరిగింది. డార్విన్‌కు కొండలు చూడటం నేర్పిన ఆడమ్ సెడ్జ్‌విక్ 1835లో సగం సరిగ్గా చెప్పాడు: పొర వేరు, చీలే వాటం వేరు. మిగతా సగంలో బోల్తాపడ్డాడు. కొండ మొత్తాన్నీ ఏదో స్ఫటికశక్తి ఒక్కసారిగా ఒకే వాటానికి తిప్పిందన్నాడు! 1847లో డేనియల్ షార్ప్ పలకరాళ్ళలోని శిలాజపు చిప్పలను పరిశీలించాడు. అవి ఎప్పుడూ ఒకే తీరున నొక్కుకుపోయి ఉన్నాయి, రాయి చీలే తలం మీద నిట్టనిలువుగా ఒత్తినట్టు. స్ఫటికశక్తీ లేదు, పాడూ లేదు. ఉన్నది ఒత్తిడే.

ఆ ఒత్తిడి లోపల ఏం చేస్తుందో చూసినవాడు షెఫీల్డ్‌కు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ. రాయిని వెలుతురు దూరేంత పల్చగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. పర్వతాలను సూక్ష్మదర్శినితో చూసేదేమిటని జనం నవ్వారు. అతనికి కనిపించింది అభ్రకపు రేకులు, అన్నీ ఒకే వైపు పడుకుని. మెత్తటి బంకమట్టిలో ఇనుప ఆక్సైడ్ రేకులు కలిపి నొక్కి చూశాడు. తడిపిండిలో అటుకులు కలిపి అరచేతుల మధ్య అదిమితే ఎలా పడుకుంటాయో, ఆ రేకులూ ఒత్తిడికి అడ్డంగా అలాగే పడుకున్నాయి. 1853లో ఆ సంగతి ప్రకటించాడు. జాన్ టిండాల్ (ఆల్ప్స్ శిఖరాలెక్కిన మొండిఘటం) 1856లో ఒప్పుకోలేదు. ఏ రేకులూ లేని తేనెమైనాన్ని నొక్కి, చల్లార్చి, పలకలుగా చీల్చి చూపించాడు. ప్రదర్శన బ్రహ్మాండం. కానీ మైనం రాయి కాదు కదా.

సోర్బీ అక్కడితో ఆగకపోవడమే నాకు ముచ్చట. 1863లో అతను చెప్పింది ఇంకా గొప్ప సంగతి. రెండు రేణువులు తాకే చోట ఒత్తిడి ఎక్కువ. రేణువుల మధ్య పల్చటి నీటిపొర ఉంటే ఆ తాకిన చోటే పలుగురాయి కరుగుతుంది, ఒత్తిడి తక్కువున్న చోటికి పోయి మళ్ళీ గడ్డకడుతుంది. అంటే రాయి విరగకుండానే, పూర్తిగా కరిగి పారకుండానే, రేణువు రేణువునా ఆకారం మార్చుకుంటుంది. కరగని అభ్రకం నల్లటి సన్న చారలుగా మిగులుతుంది. అదే వాటంగా కొత్త అభ్రకమూ పెరుగుతుంది. ఉలి దూరేది ఆ చారల వెంటే. కరిగిపోయిన పలుగురాయి ఎక్కడికి పోయిందంటారా? పలకరాళ్ళలో అడ్డదిడ్డంగా పోయే తెల్లటి నరాల్లో చాలాభాగం అదే.

ఇంతకీ రాయి ఇలా ఆకారం మార్చుకోవడం ఎంత నెమ్మది? కొండలు లేచే చోట మామూలుగా కనిపించే వేగంతో మీటరు రాయి ఏడాదికి మిల్లీమీటరులో 0.0003 వంతు కుంచించుకుపోతుంది. ఒక వెంట్రుక మందం తగ్గాలన్నా రెండు వందల ఏళ్ళు పైనే. కానీ 10 లక్షల ఏళ్ళకు 30 సెంటీమీటర్లు పోతాయి!

మరి అసలు బురద పొరలేవి? క్వారీలో కోసిన దిమ్మె పక్కతలం చూడండి. రంగు కొంచెం మారిన పట్టీలు, కాస్త గరుకైన పట్టీలు కనిపిస్తే అవే. మడత పక్కల్లో అవి చీలే వాటానికి దాదాపు సమాంతరంగా పోతాయి, అందుకే పాఠకుడి పొరపాటు సహజం. మడత మలుపులో మాత్రం రెండూ ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి.

"దీనివల్ల ఉపయోగం?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇలాంటి కొండల్లో రోడ్డు కోసేటప్పుడు చీలే వాటం రోడ్డు వైపు వాలి ఉందో, కొండలోకి వాలి ఉందో కొలవడానికి ఒక దిక్సూచి, ఒక వాలుమాపకం, ఒక పూట చాలు. రోడ్డు వైపు వాలి ఉంటే వానాకాలంలో పలకలు జారి పడతాయి. ఆ పూట మిగుల్చుకుని, ఆనక ఏటా రాళ్ళు ఎత్తిపోసుకోవడం మనకు బాగా అలవాటు.