మిద్దె మీది కరెంటు: అమ్మితే లాభమా, వాడుకుంటే లాభమా?

మిద్దెల మీద నీలం రంగు సోలార్ పలకలు కనబడటం మన ఊళ్లలో ఇప్పుడు మామూలైపోయింది. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైన దగ్గర్నుంచీ నలుగురు ఆడవాళ్లు కలిస్తే ఒకటే మాట. "మన కరెంటు వాళ్లు కొనుక్కుంటారంట గదా, నెలకి ఎంతొస్తుందో?" మైపాడు దగ్గరుండే మా పిన్నమ్మ కూడా అదే అడిగింది. సిడ్నీలో ఉన్న మా ఆడపడుచు ఒకప్పటి అక్కడి ధరలు చెప్పేసరికి ఆవిడ ఆశ ఇంకా పెరిగింది. సరే, తేల్చేద్దామని నేను కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

దేశదేశాల ధరలు

ఆడపడుచు చెప్పింది నిజమే. ఆమె ఉండే న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో 2010 జనవరిలో ఇంటి సోలార్ కరెంటుకి యూనిట్‌కి 60 సెంట్లు ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో కొత్తగా చేరేవాళ్లకి దాన్ని 20 సెంట్లు చేశారు. 2016 ఆఖరుతో ఆ పథకమే ముగిసింది. ఇప్పుడు అక్కడ చాలా కంపెనీలు పది సెంట్ల లోపే ఇస్తున్నాయి. బ్రిటన్‌లో ప్రభుత్వం కట్టిన ధర 2019తో కొత్తవాళ్లకి ఆగిపోయింది. 2020 నుంచి ఒక్కో కంపెనీ ఒక్కో రేటు చెబుతుంది. చీరల కొట్లు తిరిగినట్టు నాలుగు కంపెనీలు వాకబు చేసి మంచి ధర ఎంచుకోవాలి.

ఎందుకిలా తగ్గింది? అప్పట్లో పలకలు చాలా ఖరీదు. జనాన్ని ముందుకు రప్పించడానికి ఎక్కువ ధర ఇచ్చారు. ఇప్పుడు పలకలు చవక. పైగా ఎండ కాసేవేళ అందరి మిద్దెల నుంచీ ఒకేసారి కరెంటు వచ్చి పడుతుంది. అసలు గిరాకీ దీపాలు పెట్టే వేళకి గదా!

మన దగ్గర పద్ధతి వేరు

మనకున్నది నెట్ మీటరు. పగలు మిగిలిన యూనిట్లు లైనులోకి వెళతాయి, రాత్రి మనం వాడుకున్నవి వాటికి చెల్లుకి చెల్లు. పక్కింటావిడకి పంచదార బదులిచ్చి మళ్లీ తెచ్చుకున్నట్టే. అలా చెల్లు వేశాక కూడా మిగిలితే, దానికి విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన ధర కడతారు. అది మనం బిల్లులో కట్టే పై శ్లాబు ధర కాదు, అంతకన్నా బాగా తక్కువ. పాలకేంద్రానికి పోసే పాల ధర, కొట్లో కొనే ప్యాకెట్ ధర ఒకటవుతాయా? గుజరాత్‌లో 2019 నాటి పథకంలో ఇళ్ల మిగులుకి కట్టింది యూనిట్‌కి 2.25 రూపాయలే.

పిన్నమ్మ ఇంటి లెక్క

మన రాష్ట్రంలో 2022లో పెట్టిన శ్లాబులు తీసుకున్నాను. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. పిన్నమ్మ వాళ్లు నెలకి 300 యూనిట్లు వాడతారు. స్థిర చార్జీలు కాక 1,673 రూపాయలు.

ఒక కిలోవాట్ పలకలు రోజుకి సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి, అంటే నెలకి 120. రెండు కిలోవాట్లు పెడితే 240 పోను బిల్లుకి మిగిలేది 60 యూనిట్లు, 147 రూపాయలు. నెలకి 1,526 మిగులు! సోలార్ ముందుగా పై శ్లాబు యూనిట్లనే తీసేస్తుంది, కిటుకంతా అక్కడే ఉంది.

మరి మూడో కిలోవాట్? అందులో సగం ఆ 147 రూపాయల్ని తీసేస్తుంది. మిగతా 60 యూనిట్లు తక్కువ ధరకి పోవాల్సిందే. సబ్సిడీ చూస్తే మొదటి రెండు కిలోవాట్లకి 30,000 చొప్పున, మూడోదానికి 18,000. ఎంత పెద్దది పెట్టినా 78,000 దాటదు. ప్రభుత్వం ప్రామాణికంగా పెట్టుకున్న ధరల లెక్కన, మొదటి రెండింటికి మన చేతినుంచి పడే 40,000 రెండేళ్ల పైచిలుకులో తిరిగొస్తుంది. మూడోదానికి పడే 27,000 రావడం చాలా నిదానం. బజారు ధర ఇంకా ఎక్కువుంటే గడువూ పెరుగుతుంది.

"అయితే రెండు చాలంటావా?" అంది పిన్నమ్మ. "ఇంకో ఏసీ పెట్టే ఆలోచనుంటే మూడు పెట్టు పిన్నమ్మా. అమ్ముకోడానికైతే వద్దు" అన్నాను. నెలకి వంద యూనిట్ల లోపు వాడే చిన్న ఇళ్లవాళ్లయితే మరీ ఆలోచించాలి. వాళ్లకి పడుతున్నదే తక్కువ ధర గనక ఆదా కూడా తక్కువే.

సముద్రం పక్కన ఉన్నవాళ్లకి

మైపాడు, కృష్ణపట్నం, రామాయపట్నం వైపు ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది. పలకల కింద స్టాండు మంచి గాల్వనైజ్డ్‌దా కాదా చూసుకోండి. తుపాను గాలికి ఆగేలా మిద్దెకి గట్టిగా బిగించమనండి. పలకల్ని పొద్దున్నేగానీ సాయంత్రంగానీ మంచినీళ్లతో కడగాలి. ఉప్పు బోరు నీళ్లు పోస్తే తెల్లటి మరకలు కడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు గనక అప్పుడు యూనిట్లు తగ్గుతాయి, కంగారు పడకండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. తుపానుకి లైను పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి షాకు కొట్టకుండా అలా చేస్తారు. అప్పుడూ దీపం వెలగాలంటే బ్యాటరీ ఉన్న రకం తీసుకోవాలి, ఖర్చు పెరుగుతుంది.

సంతకం పెట్టే ముందు

ఏడాది బిల్లులన్నీ ముందేసుకుని నెలకి సగటు తీయండి. మీటరు ఎవరి పేరున ఉందో చూడండి. కాలం చేసిన మామగారి పేరునే ఉంటే ముందు పేరు మార్పించుకోవాలి. సబ్సిడీ పలకలు బిగించాకే బ్యాంకు ఖాతాలో పడుతుంది, అందాకా పెట్టుబడి మీదే. మిగులు యూనిట్లకి ఎంత కడతారు, ఎన్నాళ్లకోసారి లెక్క తేలుస్తారు అన్నది ఒప్పంద పత్రంలో చదవండి. చదివిందాకా సంతకం పెట్టొద్దు.