మీకు తెలుసా? మన గుట్టల్లోనూ ఒంట్లోనూ రేడియోధార్మికత!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హైస్కూలు విద్యార్థులూ! రేడియోధార్మికత పాఠానికి ఉదాహరణలు మీ ఊళ్ల చుట్టూ చాలానే ఉన్నాయి.

• సూర్యాపేట ప్రాంతపు గ్రానైటు రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. వాటిలో కొద్దిపాటి యురేనియం, థోరియం, పొటాషియం-40 ఉంటాయి. వీటి కేంద్రకాలు అస్థిరమైనవి. వాటంతట అవే క్షయమవుతూ కిరణాలను వెలువరిస్తాయి. ఆ గుణమే రేడియోధార్మికత. కోదాడ, హుజూర్‌నగర్ వైపు సిమెంటుకు వాడే సున్నపురాయిలో ఇవి సాధారణంగా ఇంకా తక్కువ.

• ఈ గుణాన్ని 1896లో పారిస్‌లో హెన్రీ బెకరెల్ కనిపెట్టాడు. నల్ల కాగితం చుట్టిన ఫొటో ప్లేటు మీద యురేనియం లవణం పెట్టి సొరుగులో ఉంచితే, ఎండ సోకకుండానే ప్లేటు మీద మచ్చ పడింది. రేడియోధార్మికత అనే పేరు మాత్రం 1898లో మేరీ, పియరీ క్యూరీలు పెట్టారు.

• రేడియోధార్మికతలో వెలువడే ఆల్ఫా కణాలను ఒక కాగితం ఆపేస్తుంది. బీటా కణాలకు కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు చాలు. గామా కిరణాలను తగ్గించాలంటే మందమైన సీసమో కాంక్రీటో అడ్డు పెట్టాలి. అయితే ఆల్ఫాను తేలిగ్గా తీసుకోకూడదు. దాన్ని వెలువరించే పదార్థం గాలితోనో నీటితోనో లోపలికి చేరితే కణజాలానికి ఎక్కువ హాని చేసేది అదే.

• యురేనియం-238 చివరికి సీసం-206గా మారుతుంది. దారిలో 8 ఆల్ఫా, 6 బీటా కణాలు బయటికి వస్తాయి. లెక్క కట్టి చూడండి: ఒక్కో ఆల్ఫాకు ద్రవ్యరాశి సంఖ్య 4, పరమాణు సంఖ్య 2 తగ్గుతాయి. ఒక్కో బీటాకు పరమాణు సంఖ్య 1 పెరుగుతుంది. 92 నుంచి బయలుదేరితే సరిగ్గా సీసం సంఖ్య 82 దగ్గర తేలతారు.

• ఉన్న పరమాణువుల్లో సగం క్షయం కావడానికి పట్టే కాలమే అర్ధాయువు. యురేనియం-238కి అది సుమారు 447 కోట్ల ఏళ్లు. క్యాన్సర్ పరీక్షల్లో వాడే ఫ్లోరిన్-18కి దాదాపు 110 నిమిషాలే. హైదరాబాద్‌లో తయారైన ఆ మందు 220 నిమిషాల్లో కోదాడ చేరిందనుకోండి, పావు వంతే మిగులుతుంది. అందుకే దాన్ని నెలల తరబడి నిల్వ ఉంచడం కుదరదు.

• మిర్యాలగూడ మిల్లు బియ్యంలోనూ, అరటిపండులోనూ పొటాషియం-40 ఉంది. సుమారు 70 కిలోల మనిషి ఒంట్లో ఈ పరమాణువులు సెకనుకు దాదాపు 4 వేలు క్షయమవుతుంటాయి. అరటిపండ్లు ఎక్కువ తిన్నా ఈ సంఖ్య పెరగదు. శరీరం తనకు అక్కర్లేని పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది.

• నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్‌కూ రేడియోధార్మికతకూ సంబంధం లేదు. అందులో ఉండే ఫ్లోరిన్-19 స్థిరమైనది. ఎముకలకు అది చేసే కీడు రసాయనికం. నీళ్లు మరిగించినా ఫ్లోరైడ్ పోదు. రేడియోధార్మికత కూడా వేడికి తగ్గేది కాదు.

• ఎక్స్‌రే యంత్రంలో రేడియోధార్మిక పదార్థమేమీ ఉండదు. స్విచ్ ఆపగానే కిరణాలు ఆగిపోతాయి. ఎక్స్‌రే తీయించుకున్న మనిషి రేడియోధార్మికంగా మారడు.

• నల్గొండ జిల్లాలో నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టుల్లో యురేనియం నిక్షేపాలున్నాయి. పాత గ్రానైటు మీద తర్వాతి కాలపు అవక్షేప శిలలు పేరుకున్న సంధిలో ఆ ఖనిజం ఉంది. గని తవ్వే ప్రతిపాదన మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. మిర్యాలగూడ, కోదాడ పొలాలకు పారే ఎడమ కాలువకు సాగర్ నీళ్లే ఆధారం. ఖనిజం నుంచి యురేనియం తీసేశాక మిగిలే వ్యర్థంలో అసలు రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఉండిపోతుంది. అందులోని రేడియం-226 అర్ధాయువు 1,600 ఏళ్లు. అందుకే ఆ వ్యర్థాన్ని నీటికి దూరంగా తరతరాల పాటు కాపాడాలి. మరోవైపు హైదరాబాద్‌లో 1971లో ఏర్పడిన అణు ఇంధన సముదాయం మన విద్యుత్ రియాక్టర్లకు యురేనియం ఇంధనం తయారుచేస్తోంది. కరెంటూ కావాలి, సాగర్ నీళ్లూ శుభ్రంగా ఉండాలి. ఇలాంటి చర్చ మీ ఊరికి వచ్చినప్పుడు ముందుగా అడగండి: ఏ పదార్థం? ఎంత మోతాదు? అర్ధాయువు ఎంత? అది మన ఒంట్లోకి ఏ దారిన చేరగలదు? వీటికి జవాబులు తెలిస్తే భయపడాల్సిన చోటేదో, అక్కర్లేని చోటేదో మీరే తేల్చుకోగలరు.