ఉద్యోగం ఊడిన మనిషి ఒళ్లు

ఉద్యోగం పోయినవారు ఆసుపత్రికి వచ్చి ఆ సంగతి చెప్పరు. "నిద్ర పడ్తలేదు సార్", "గుండె దడ దడ అంటుంది" అంటారు. అసలు మాట రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు ఇల్లాలి నోట బయటపడుతుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఈ బాధ చాలా ఇళ్లు ఒకేసారి చూసింది 2019లో. అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. గడువులోగా డ్యూటీకి రానివారు తమను తామే తొలగించుకున్నట్టేనని అప్పటి ప్రభుత్వం తేల్చిచెప్పింది. దాదాపు 48 వేలమంది ఉద్యోగం ఉందో లేదో తెలియక, జీతం లేక యాభై రోజులకు పైగా గడిపారు. నవంబర్ 29న మళ్లీ డ్యూటీ ఎక్కారు. అందరికీ అలా పిలుపు రాదు. ప్రైవేటు యజమాని పొమ్మంటే వేరే గడప వెతుక్కోవలసిందే.

ఇలాంటప్పుడు ఇంటాయన మొదట తగ్గించే ఖర్చు తన బి.పి. మాత్ర, షుగరు మాత్ర. "నాకేమైంది, బాగానే ఉన్నా" అంటాడు. బి.పి. పెరిగినా చాలామందికి తెలియదు. ఈ మాత్రలు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. అడగడానికి మొహమాటం ఎందుకు?

డ్రైవర్లకైతే ఇది కొత్త ఉద్యోగానికి సంబంధించిన విషయం కూడా. బస్సు, లారీ లైసెన్సుకు డాక్టరు ఇచ్చే ఫారం 1-ఏ కావాలి. పాతిక మీటర్ల దూరంలోని బండి నంబరు కనబడుతుందా, రేచీకటి ఉందా అని అందులో రాయాలి. షుగరును గాలికొదిలేస్తే దెబ్బతినేవాటిలో కళ్లు ముఖ్యమైనవి. అందుకే దరఖాస్తు పెట్టకముందే చూపించుకోండి. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో బస్సు లోయలో పడి అరవైమందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణాలు వేరు. కానీ అలాంటి దారిలో స్టీరింగు పట్టేవారి కంటిచూపుపై "ఏదో సంతకం పెట్టండి సార్" అంటే నేను పెట్టను.

కొండగట్టు అనగానే ఇంకొకటి చెప్పాలి. మనిషి దిగులుపడి మాట్లాడటం మానేస్తే అంజన్న గుడికి తీసుకుపోయి కొన్నాళ్లు నిద్ర చేయించడం మన వాడుక. తీసుకుపోండి, నేను వద్దనను. కానీ మాత్రలు ఆపకండి. పని పోయాక రోజూ తాగుడుకు దిగినవారు కొండమీద ఒక్కసారిగా మానేస్తే, రెండు మూడు రోజుల్లో చేతులు వణకవచ్చు, ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడవచ్చు. కల్తీ కల్లు మానినా ఇంతే. ఇది దయ్యం కాదు. ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తేవాలి. మాన్పించదలిస్తే ముందే డాక్టరుకు చెప్పి మాన్పించండి.

పని లేని రోజుల్లోనూ పాత డ్యూటీ వేళకే లేవండి. పగలు నిద్రపోతే రాత్రి ఆలోచనలే మిగులుతాయి. "చచ్చిపోవాలని ఉంది" అన్న మాట వింటే బెదిరింపనుకోకండి, ఒంటరిగా వదలకండి. 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

సిరిసిల్లలో సాంచాల మోతలో ఏళ్ల తరబడి పనిచేసి, అది పోయి వాచ్‌మన్ పనికో హోటల్ పనికో వెళ్లేవారు ముందుగా చెవులు పరీక్ష చేయించుకోవాలి. పిలిస్తే పలకడని కొత్త యజమాని మొదటి వారంలోనే విసుక్కుంటాడు. చెవి సంగతి చేరేనాడే చెప్పేస్తే ఆ గొడవ ఉండదు.